నాయిన కాళ్ళకు తవ్విన గుంత

నొప్పి ఎక్కడ అంటే, కుడి మోకాలి బయటి వైపు, కొంచెం వెనక్కి. వేలు పెట్టి చూపిస్తే చింతగింజంత జాగా. ఆ చింతగింజంత జాగా నా పడుచుతనాన్ని మొత్తం మింగేసింది. ఇప్పుడీ వయసులో కూర్చొని రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా ఎక్కువ మండుతుంది.

మాది ఆత్మకూరు అవతల, కృష్ణా నది దిక్కున ఒక చిన్న ఊరు. ఊరి చివర నేతగాళ్ళ వాడ. ఏ ఇంట్లో చూసినా ఒక అర్ర, ఒక వసారా, అర్రలో గుంత మగ్గం. గుంత మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి కదా. నేలలో నడుము లోతు గుంత తీస్తారు. నేసే మనిషి దాని గట్టు మీద కూర్చొని కాళ్ళు లోపలికి దించుతాడు. అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి మార్చి మార్చి తొక్కుతుంటే పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులోంచి అడ్డ దారం మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా అదే తొక్కుడు.

మా గుంత నాయిన తన చేత్తో తవ్వుకున్నది. వాడ మొత్తంలో ఆయనంత పొడుగు మనిషి లేడు. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా తల వంచేవాడు, వంచడం మరిచిపోయిన రోజు నుదురు బొప్పి కట్టేది, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తన కాళ్ళకు సరిపడేలా గుంతను అందరికంటే లోతుగా తీసుకున్నాడు. నేనేమో అమ్మ పోలిక, పొట్టిదాన్ని.

మా వాడలో ఆడది గుంతలో కూర్చోదు. దసరాకు గుంతను అలికి పసుపు కుంకుమ పెట్టేది మేమే, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది మేమే, నూలుకు గంజి కాచేది మేమే. కాళ్ళు లోపల పెట్టి కూర్చోవడం మాత్రం మగవాళ్ళ పని. ఎందుకని అడిగితే, గట్లనే అనేవాళ్ళు. ఆడపిల్ల నేస్తున్నదంటే ఆ ఇంటికి మగదిక్కు లేదని నలుగురిలో డప్పు కొట్టి చెప్పుకున్నట్టే.

మాకు నిజంగానే లేకుండా పోయింది. నాయినకు దగ్గు పట్టుకుంది. నూలు దుమ్మన్నారు కొందరు, బీడీలన్నారు కొందరు, ఎవరూ తేల్చలేదు. మనిషి కూర్చోలేని స్థితికి వచ్చేసరికి సగం నేసిన చీర మగ్గం మీదే ఆగిపోయింది. నూలిచ్చే షావుకారు మనిషిని పంపి అడిగిస్తున్నాడు. నాకప్పుడు ఓణీ వేసి ఎక్కువ కాలం కాలేదు. ఒక పొద్దున నాయిన మంచంలోంచే నన్ను పిలిచి గుంతలోకి దిగమన్నాడు. బియ్యం చెరుగుతున్న అమ్మ చేట పక్కన పెట్టేసి వచ్చి అడ్డం నిలబడింది. ఆయన వినలేదు.

"కొడుకు లేడని మగ్గం పాడు పెట్టుకుంటమా? దిగు బిడ్డా."

దిగాను. ఆయన మంచంలో కళ్ళు మూసుకుని పడుకునే నాకు నేర్పాడు. చప్పుడు విని తప్పు పట్టేవాడు. ఎడమ కాలు ముందు లేచిందనేవాడు, దారం తెగింది చూసుకో అనేవాడు, చూస్తే తెగే ఉండేది. నాకు చదువు అబ్బలేదు, వంట అంతంత మాత్రం, పాట పాడితే చెల్లె చెవులు మూసుకునేది. నేత మాత్రం నీళ్ళు తాగినంత సులువుగా వచ్చేసింది. ఆ గుంతలో కూర్చున్నప్పుడే నేనంటే నాకు ఇష్టం కలిగేది. మా నాయిన పోయే ముందు నేను నేసిన చీర అంచును వేళ్ళతో తడిమి చూసి, ఇంక నాకు ఫికర్ లేదన్నాడు. ఆ మాట మీదే చాలా కాలం బతికాను.

ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం ఆడవాళ్ళం. అమ్మ, నేను, నాకంటే బాగా చిన్నదైన చెల్లె. నేను నేస్తే పొయ్యి వెలగాలి, లేకపోతే లేదు. అమ్మ నన్ను మగ్గం మీద కూర్చోవద్దని ఇంక అనలేకపోయింది. కానీ ఒక కట్టుబాటు పెట్టింది. నేసేటప్పుడు వీధి తలుపు మూసి ఉండాలి. చీరలు షావుకారుకు ఇచ్చేటప్పుడు మా పెద్దనాయిన కొడుకు నేశాడని చెప్పాలి. వాడకు తెలుసు, వాడ నోరు మూసుకుంది. బయటివాళ్ళకు తెలిస్తే అక్కచెల్లెళ్ళిద్దరికీ సంబంధాలు రావని ఆమె భయం. ఆ భయం ఆమెకు ఎంత ఉండేదంటే, కొత్త మనిషి ఎవరొచ్చినా నన్ను మగ్గం మీంచి లేపి చేతిలో కండె పెట్టేది.

నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు. నాయిన పోయిన రెండో ఏడో, మూడో ఏడో. ముందు వాగులోకి దిగేటప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు, బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కినా లేదు. దిగేటప్పుడే బయటి వైపు సూదితో గుచ్చినట్టయ్యేది. తర్వాత కాళ్ళు మడిచి సకిలం ముకిలం వేసుకుని అన్నానికి కూర్చుంటే వచ్చింది. తర్వాత మగ్గం మీద, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి. తర్వాత తర్వాత కూర్చున్న కాసేపటికే. పైకి చూస్తే వాపు లేదు, ఎరుపు లేదు. పొద్దున లేస్తే హాయిగా ఉండేది. అందుకే ఎవరూ నమ్మలేదు కూడా. పని ఎగ్గొట్టే ఉపాయమన్న పుణ్యాత్మురాలు ఒకతె ఉంది, ఆమె ఇంట్లో పెళ్ళికి చీర నేసింది నేనే.

ఆ గుంతలో నా కాళ్ళు చెక్కలకు సరిగా అందేవి కావు. గట్టు మీద బాగా ముందుకు జరిగి, తుంటి చివర మీద ఆనుకుని, కుడి పాదాన్ని చాపి, వేళ్ళు లోపలికి తిప్పి తొక్కితే గాని కుడి చెక్క కిందికి పోయేది కాదు. చెక్కలు ఎత్తుకు కట్టుకుంటే అయిపోయేది కదా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. చెక్కలను వేలాడదీసే తాళ్ళు నాయిన కట్టినవి. ఆ ముళ్ళు ఆయన వేసినవి. ఆ గుంత తప్ప ఆయన చేతి గుర్తు ఇంట్లో అదొక్కటే మిగిలింది, దాన్ని విప్పడానికి నాకు మనసొప్పలేదు. గుంతలో మట్టి పోయాలన్న ఆలోచనే రాలేదు. మాకు మగ్గం గుంత దేవుడి అర్రతో సమానం. ఒకసారి పూజ చేసి దిగిన గుంత లోతును ఎవరూ మార్చరు.

మొదట నూనెలు మర్దన చేశారు. అచ్చంపేట అడవి దిక్కు నుంచి మూలికలు తెచ్చి అమ్మే ఒకాయన ఏదో ఆకు నూరి కట్టాడు, బొబ్బలెక్కింది. తర్వాత అమ్మ నన్ను పక్క ఊరికి తీసుకుపోయింది, వాతానికి చురకలు పెట్టే ముసలాయన దగ్గరికి. పసుపుకొమ్మును నిప్పులో కాల్చి మోకాలి చుట్టూ అంటించాడు. అమ్మ నా తలను తన ఒడిలో అదిమి పట్టుకుంది. నేను అరిచిన అరుపుకు ఆ ఇంటి ముందు కట్టేసిన మేకలు బెదిరాయి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, నల్లగా, గుండ్రంగా. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైగా చురకలు మానేదాకా మగ్గం ఎక్కలేక ఇంట్లో జొన్న గటక తాగి పడుకున్నాం.

ఇక దవాఖాన. ఊరి పేరెందుకు లెండి, బస్సులో సగం రోజు ప్రయాణం. డాక్టరు మంచివాడే, ఆయన్ను అనడానికి నాకు నోరు రాదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కాలు బారుగా చాపించి, చీర మోకాలి దాకా జరపమన్నాడు. అమ్మ పక్కనే నిలబడి అంతకుమించి అంగుళం జరగనిస్తే ఒట్టు. గుడ్డ మీంచే నొక్కి చూశాడు. కాలు చాపి ఉంటే నాకు నొప్పి తెలియదు. ఎప్పటి నుంచి ఉందని అడిగాడు. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉండేదా అన్నాడు. నాయిన సంగతి చెప్పాం. పిల్ల ఏం పని చేస్తుందని అడిగాడు.

"ఇంట్ల కూసోని కండెలు చుడ్తది సాబ్, గంతే" అంది అమ్మ.

నా నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆమె నా చేతిని గిల్లి పట్టుకుని ఉంది. ఆ డాక్టరు ముందున్నవి ఇవి: దగ్గుతో పోయిన తండ్రి, ఏ పనీ చేయకుండానే ఏళ్ళ తరబడి మోకాలు నొస్తున్న సన్నటి పిల్ల. ఎవరికైనా ఏం తోస్తుంది? కీలుకు టీబీ అన్నాడు. ఎక్స్‌రే మిషను అక్కడ లేదు. తొడ మొదలు నుంచి చీలమండ దాకా సిమెంటు కట్టు వేశాడు. రోజూ సూదిమందు అన్నాడు.

ఆ కట్టులో ఒక ఎండాకాలం గడిపాను. మా పాలమూరు ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. లోపల చెమట, దురద, వాసన. చీపురు పుల్ల దూర్చి గోక్కునేదాన్ని. సూదిమందు వల్ల చెవుల్లో ఎప్పుడూ గుయ్యిమని మోత. దానికంటే పెద్ద శిక్ష వాడది. టీబీ అన్న మాట ఎట్లా పాకిందో పాకింది. మా ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశారు. చెల్లెతో ఆడుకునే పిల్లలను తల్లులు లాక్కుపోయారు. మగ్గం మీద బూజు పట్టింది. అమ్మ ఇంటింటికీ పోయి కండెలు చుట్టి, వాళ్ళు పెట్టింది కొంగులో కట్టుకుని తెచ్చేది. గోడకు ఆనుకుని, కట్టు వేసిన కాలు ముందుకు పెట్టుకుని, రోజంతా నేను ఆ ఖాళీ గుంతనే చూస్తూ ఉండేదాన్ని. ఒకటి రెండుసార్లు బావి మీదికి ధ్యాస పోయిన మాట అబద్ధం కాదు. అంత దూరం నడిచే కాలు లేక బతికిపోయాను.

కట్టు విప్పితే కాలు ఎండు కట్టెలా ఉంది. మడత పడనంటుంది. కానీ నొప్పి లేదు. అమ్మ డాక్టరు కాళ్ళకు మొక్కింది. నేను మెల్లగా మడత తెచ్చుకుని, గోడ పట్టుకుని నడిచి, మళ్ళీ గుంతలోకి దిగాను. ఆ మొదటి రోజు సంతోషం ఏం చెప్పను, నవ్వుతూ ఏడ్చాను. నెల తిరక్కుండా అదే జాగాలో అదే సూది. దవాఖానకు పోతే రోగం తిరగబెట్టిందన్నారు. మళ్ళీ కట్టు అన్నారు. నేను ఆ బల్ల మీదే తల బాదుకున్నాను.

రెండోసారి కట్టు వేయించుకోకుండా ఇంటికి వచ్చేశాం. అప్పుడు అమ్మ తమ్ముడు, మా మేనమామ, పట్నం నుంచి చూడటానికి వచ్చాడు. నేత వదిలేసి హైదరాబాదులో మిల్లు పనికి కుదిరిన మనిషి. నా కాలు చూసి, ఆ మచ్చలు చూసి, అమ్మను పట్టుకుని నానా మాటలు అన్నాడు. మర్నాడే మమ్మల్నిద్దరినీ బయలుదేరదీశాడు. కొత్తకోట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పట్నం బస్సు. చెల్లెను పెద్దనాయిన వాళ్ళింట్లో వదిలాం. ఈసారి కాలు తీసేస్తారని నాకు గట్టి నమ్మకం.

పట్నంలో మేం చూపించుకున్న బొక్కల డాక్టరు, అంటే ఎముకల డాక్టరు, బాగా పెద్దాయన. మాట సగం ఉర్దూ, సగం మన తెలుగు, మొత్తం విసుగు. ముందు ఎక్స్‌రే తీయించాడు. ఆ నల్ల కాగితాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, బొక్క మంచిగనే ఉన్నదన్నాడు. ఇన్నేళ్ళ టీబీ అయితే కీలు తినెయ్యాలి, ఇక్కడ ఏమీ తినలేదు అన్నాడు. మరి నొప్పి ఎక్కడిది? ఎప్పుడొస్తుందని అడిగాడు. దిగేటప్పుడు అన్నాను. ఎక్కేటప్పుడు? రాదన్నాను. అంతకుముందు ఈ మాట ఎంతమందికి చెప్పానో, అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఏం పని చేస్తవు అని అడిగాడు.

అమ్మ అందుకుంది. కండెలు చుడ్తది సాబ్ అంది.

నాకు ఏమైందో తెలియదు. ఆ చురకలు, ఆ కట్టు, ఆ ఎండాకాలం, గుయ్యిమనే చెవులు అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"కండెలు కాదు సాబ్. నేను మగ్గం నేస్త. మా నాయిన సచ్చినప్పటి సంది నేనే నేస్తున్న. నా కాలు తీసేసినా సరే, గీ మాట రాసుకొని తీసెయ్యుండ్రి."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. నన్ను బల్ల అంచు మీద కూర్చోమని, మగ్గం మీద ఎట్లా కూర్చుంటావో చూపించమన్నాడు. చూపించాను. కాళ్ళు అందుతాయా అన్నాడు. అందవు, ఇట్లా చాపుతాను అని పాదాన్ని లోపలికి తిప్పి గాలిలో తొక్కి చూపించాను. ఆయన తల ఊపాడు. తర్వాత కుడి చీలమండను ఎడమ మోకాలి మీద వేయించాడు, మగవాళ్ళు అరుగు మీద కూర్చొని కాలు మీద కాలు వేసుకుంటారే, అట్లా. చీర అంతా పైకి జరిగింది. అమ్మ ఈసారి అడ్డం రాలేదు. ఆయన బొటనవేలితో మోకాలి బయటి వైపు వెతుక్కుంటూ పోయి ఒక దగ్గర నొక్కాడు. నేను బల్ల మీంచి పడబోయాను. ఇన్నేళ్ళలో ఆ చింతగింజను పట్టుకున్న మొదటి వేలు అది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. కండను బొక్కకు కట్టి ఉంచే తాళ్ళుంటాయి లోపల, టెండన్లు అంటారు. మోకాలి వెనక నుంచి ఐమూలగా బయటికి వచ్చే చిన్న తాడొకటి ఉంది. కాలు లోపలికి తిరగాలన్నా, దిగుడులో మనిషి ముందుకు జారకుండా ఆగాలన్నా దానిదే పని. దాని జబ్బు నూటికో కోటికో ఒకరికి వస్తుంది, అందుకే ఎవరూ అక్కడ వెతకరు. కాలు చాపి పడుకుంటే ఆ తాడు దాక్కుంటుంది, కాలు మడిచి అడ్డంగా వేస్తేనే వేలికి దొరుకుతుంది. అందని చెక్కను తిరగేసిన పాదంతో పొద్దంతా తొక్కీ తొక్కీ నేను ఆ తాడును ఒరుసుకుపోయేలా చేశాను.

"గుంత మీ నాయిన కాళ్ళకు తవ్వింది. నీ కాళ్ళకు కాదు" అన్నాడు. "మూరెడు మట్టి పోసి చెక్కలు ఎత్తుకు కట్టుకో. కాలు చాపకుండ అందాలె."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూరెడు మట్టి! దాని కోసమా ఇంతా? అమ్మ వైపు చూశాను. ఆమె గోడ దిక్కు తిరిగి నిలబడి ఉంది. ఆమె మీద నాకు అప్పుడు పుట్టిన కోపం ఎంతంటే, మామ ఇంటికి పోయాక కూడా ఆమె ఒక్క మాటకూ జవాబివ్వలేదు. ఆ వారం తిరక్కుండానే చెల్లెను ఎక్కువ రోజులు పెద్దనాయిన వాళ్ళింట్లో ఉంచలేనని ఆమె ఊరికి వెళ్ళిపోయింది. బస్సెక్కేటప్పుడు నా తల నిమరబోతే వెనక్కి జరిగాను.

నేను మామ కిరాయి ఇంట్లో ఉండిపోయాను. ఆ తాడు పక్కన సూదిమందు ఇచ్చాడు డాక్టరు, అప్పుడప్పుడే మన దేశానికి వస్తున్న మందట. ఇచ్చిన రోజు నరకం చూశాను, తర్వాత సుఖంగా ఉంది. కొన్నాళ్ళకు ఇంకోసారి ఇచ్చాడు. అంతకంటే ముఖ్యం కసరత్తు అనేవాడు. ఇసుక సంచి పాదానికి కట్టుకుని కాలు ఎత్తడం దించడం, ఒక మెట్టు మీంచి మెల్లగా దిగడం. మామ భార్య నవ్వేది, పట్నం వచ్చి మెట్లు దిగుడు నేర్చుకుంటున్నవా అని. వానాకాలం మొత్తం అదే పని. కట్టెలా ఉన్న కాలు మీద కండ వచ్చింది. చివరిసారి పోయినప్పుడు డాక్టరు అదే జాగాలో బొటనవేలితో అదిమాడు. ఏమీ లేదు. అయినా ఇంకా గట్టిగా అదిమాడు. ఏమీ లేదు. ఇంటికి పోయి నేసుకో, కాని నడుమ నడుమ లేచి నాలుగడుగులు వెయ్యి అన్నాడు.

బస్సులో కూర్చుని నేను అంచులు గీసుకున్నాను మనసులో. ఎర్ర అంచుకు పక్కన సన్నగా పసుపు చార. చెక్కలు ఎంత ఎత్తు కట్టాలో చేత్తో కొలుచుకున్నాను. నాయిన ముళ్ళు విప్పాల్సి వస్తుందని బాధ వేసింది, పోనీలే, ఆయనే ఉంటే తనే విప్పేవాడు అనుకున్నాను. అమ్మ మీద కోపం కూడా కొత్తకోట దాటేసరికి సగం దిగిపోయింది. రోడ్డు మీద దిగి, ఊర్లోకి ఉన్న దిగుడు బాటలో కావాలనే గబగబా నడిచాను. సూది గుచ్చలేదు.

అర్రలోకి పోయేసరికి మగ్గం లేదు. గుంత లేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా నేల ఒక్క తీరుగా చదునుగా ఉంది, కొత్తగా అలికి ఉంది, పేడ వాసన ఇంకా పోలేదు. నేను పొరపాటున వేరే ఇంట్లోకి వచ్చానా అనిపించింది ఒక్క క్షణం. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. మగ్గం ఏదమ్మా అంటే పెద్దనాయిన కొడుకుకు ఇచ్చేశానంది. గుంత?

"ఆయన మూరెడు పూడ్చమన్నడు. నేను మొత్తం పూడ్చిన."

తర్వాత చెప్పింది. పట్నం నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం కూలికి పోయిన చేను నుంచి ఇంటికి వస్తే వీధి తలుపు మూసి ఉందట. లోపల చప్పుడు వినిపిస్తోందట. తీసి చూస్తే చెల్లె గుంతలో కూర్చుని ఉంది. నాకంటే పొట్టిది, నాకంటే చిన్నది. రెండు కాళ్ళు బారుగా చాపి, వేళ్ళు లోపలికి తిప్పి తొక్కుతోందట, అక్క సగంలో వదిలిన చీర అక్క వచ్చేలోగా పూర్తి చేద్దామని. అమ్మ దాన్ని రెక్క పట్టి పైకి లాగింది. ఆ రోజే మట్టి మోయడం మొదలుపెట్టింది. ఎవరినీ పిలవలేదు, ఎవరు వద్దన్నా వినలేదు.

పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చాను. గుంత ఎక్కడుండేదో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒక పోటు వేశాను. బాగా దిమ్మిస కొట్టిన నేల, గడ్డపార మొన కూడా సరిగా దిగలేదు. రెండో పోటుకు ఎత్తేలోపల అమ్మ వచ్చి సరిగ్గా ఆ జాగాలో కూర్చుంది.

"తవ్వుకో. నా మీదికెల్లి తవ్వుకో. మీ నాయినను తిన్నది, నీ కాలు తిన్నది. చిన్నదాన్ని ఇయ్య దానికి."

గుంత కాదే అమ్మా, లోతు, లోతు ఎక్కువైంది, అంతే, డాక్టరు నీ ముందే కదా చెప్పాడు అని అరిచాను. చెక్కలు ఎత్తుకు కట్టుకుంటే చాలు అన్నాను. నాకు ఇంకేమీ రాదమ్మా అన్నాను. ఆమె వింటూనే ఉంది, కదలలేదు. ఆమెకు అంతా అర్థమైంది, అందుకే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. ఆమెకు అర్థం కాకపోయి ఉంటే ఒప్పించేదాన్ని. తలుపు దగ్గర చెల్లె నిలబడి ఏడుస్తోంది.

గడ్డపార వదిలేసి ఆమె ఎదురుగా చతికిలబడ్డాను. చతికిలబడలేదు, గొంతు కూర్చున్నాను, మడమల మీద, మోకాళ్ళు పూర్తిగా మడిచి. ఏళ్ళ తరబడి నేను అట్లా కూర్చోలేదు. నాకు ఆ సంగతి తోచలేదు, ఆమె చూసింది. ముందుకు వంగి నా కుడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నొస్తలేదా బిడ్డా?"

లేదన్నాను. ఆమె మోకాలిని అటూ ఇటూ తడిమి, నిజంగానే లేదా అని మళ్ళీ అడిగింది. నిజంగానే లేదన్నాను. ఆమె మొహంలో అంత సంతోషం నాయిన పోయాక నేను చూడలేదు. ఆ సంతోషం చూశాక నాకు ఇంక తవ్వడానికి చేతులు రాలేదు. నా బతుకు ఆ మట్టి కింద ఉందని ఆమెకు చెప్పడానికి నోరూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం పల్లికాయ తెంపే కూలికి పోయాం. పొద్దంతా గొంతు కూర్చొని చేసే పని. మోకాలు ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.